సబ్‌సోనిక్ తూటాకు మీ బ్యారెల్ ట్విస్ట్ సరిపోతుందా?

పాయింట్ 22 రైఫిల్‌లో ఎప్పుడూ వాడే 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు చెప్పే చిన్న కొలత) డబ్బా పక్కనబెట్టి 60 గ్రెయిన్ల సబ్‌సోనిక్ (ధ్వని వేగం దాటని) డబ్బా విప్పితే, 50 మీటర్ల కాగితం మీద గుండ్రటి చిల్లుల బదులు అడ్డంగా చీరినట్టు చిల్లులు పడొచ్చు. అప్పుడు రేంజిలో ఎవరో ఒకరు "స్పీడు తక్కువ గదన్నా, చాలినంత తిరగడంలా" అంటారు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఈ మాట వినబడుతుంది. తప్పు స్పీడుది కాదు. బుల్లెట్ పొడుగైంది, బ్యారెల్ మాత్రం పాతదే. బ్యారెల్ లోపలి మెలి గాడులు బుల్లెట్‌ను ఎంత పొడుగులో ఒక చుట్టు తిప్పుతాయో అదే ట్విస్ట్. 1:16 అంటే 16 అంగుళాలకు ఒక చుట్టు, అంకె తగ్గేకొద్దీ మెలి బిగుతు.

వేగం సగానికి తగ్గితే సెకనుకు తిరిగే చుట్లూ సగానికి తగ్గుతాయి, నిజమే. కానీ బుల్లెట్ ముక్కును పక్కకు తోసే గాలి బలం వేగం వర్గంతో పాటు పడిపోతుంది. బుల్లెట్‌ను నిలబెట్టే బలం కూడా చుట్ల వర్గంతోనే పోతుంది. రెండూ ఒకే లెక్కన తగ్గుతాయి కాబట్టి నిష్పత్తి పెద్దగా చెదరదు. అందుకే వేగం తగ్గినంత మాత్రాన ట్విస్ట్ రెట్టింపు బిగుతు కావాల్సిన పని లేదు. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ధ్వని వేగం దాటనివ్వకుండా దెబ్బలో బలం నిలపాలని కంపెనీలు బరువైన బుల్లెట్ పెడతాయి. వ్యాసం మారదు కాబట్టి బరువు పెరిగితే పొడుగు పెరగాల్సిందే.

పొడుగు కొలవడానికి తూటా విప్పొద్దు. వెర్నియర్‌తో మొత్తం పొడుగు కొలవండి, పాయింట్ 22 లాంగ్ రైఫిల్ అనే మామూలు తూటాలో అది 1 అంగుళానికి కాస్త తక్కువ ఉంటుంది. అందులోంచి ఇత్తడి కేసు (మందు ఉండే గొట్టం) పొడుగు 0.613 అంగుళాలు తీసేయండి. కేసులో దిగిన బుల్లెట్ మడమ భాగానికి 0.09 కలపండి. మామూలు 40 గ్రెయిన్ల సీసం బుల్లెట్‌కు ఇది 0.47 చుట్టుపక్కల తేలుతుంది. 60 గ్రెయిన్లదాన్ని పొట్టి కేసులో, అంటే 22 షార్ట్ కేసులో (0.423 అంగుళాలు) బిగిస్తారు. అందుకే బయటికి రెండు తూటాలూ ఒకే పొడుగు కనిపించినా లోపలి బుల్లెట్ 0.66 దాకా ఉంటుంది. పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఇత్తడి ఎంత పొట్టిగా ఉందో కంటికే తెలుస్తుంది.

ఇప్పుడు గ్రీన్‌హిల్ సూత్రం. ఇంగ్లండ్‌లో వూలిచ్‌లో సైనికాధికారులకు లెక్కలు చెప్పిన ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చింది. వ్యాసం వర్గాన్ని 150తో హెచ్చవేసి పొడుగుతో భాగిస్తే, ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు కావాలో వస్తుంది. 0.223 అంగుళాల వ్యాసానికి 0.47 పొడుగు వేసి చూడండి, 15.9 వస్తుంది. పాయింట్ 22 బ్యారెళ్ళన్నీ దాదాపుగా 1:16 ఎందుకున్నాయో అర్థమైంది కదా. అదే 0.66 వేస్తే 11.3 వస్తుంది. 1:16 బ్యారెల్‌కు అది చాలా దూరం. ఆ 60 గ్రెయిన్ల తూటాకు 1:9 బ్యారెల్ వాడమని చెప్పేది ఇందుకే.

గ్రీన్‌హిల్ చాలా పాతది, ఎంత మిగులు ఉందో చెప్పదు. డాన్ మిల్లర్ 2005లో ఇచ్చిన సూత్రం స్థిరత్వాన్ని ఒక అంకెగా చెబుతుంది. 1 కంటే తక్కువైతే బుల్లెట్ దొర్లుతుంది. 1 నుంచి 1.3 దాకా అనుమానం. 1.5 ఉంటే నిశ్చింత. దాని ప్రకారం 1:16లో 40 గ్రెయిన్లది సుమారు 1.33, 60 గ్రెయిన్లది 0.76. అదే 60ని 1:9లో వేస్తే 2.4. ధ్వని వేగం దగ్గర్లో గాలి ప్రవర్తన మారుతుంది, మిల్లర్ సూత్రంలో వేగానికి చేసే సవరణ అసలు వేగమైన బుల్లెట్లకు రాసింది. అందుకని ఈ అంకెల్ని దారి చూపడానికే వాడుకోండి, తీర్పు కాగితానిదే.

పొడుగుకు ఇంత పవరుంటే బరువు సంగతేంది? బరువు ఒక గుర్తు మాత్రమే. సీసానికి బదులు రాగితో చేసిన బుల్లెట్ అదే బరువుకు పావు వంతుకు పైనే పొడుగు తేలుతుంది. డబ్బా మీద గ్రెయిన్లు చూసి నిర్ణయించినవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

మన జిల్లాల ఎండ సంగతి వేరే చెప్పుకోవాలి. 20 డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీలకు 355. స్టాండర్డ్ వెలాసిటీ తూటా సుమారు 326 దగ్గర బయటికొస్తుంది కాబట్టి రోహిణి కార్తెలో ఇంకా ఎడం పెరుగుతుంది. అదే హై వెలాసిటీ డబ్బా 375 దగ్గర మొదలై 50 మీటర్ల లోపే ధ్వని వేగం కిందకు దిగుతుంది, ఆ దాటడంలోనే గ్రూపు (చిల్లులన్నీ దగ్గరగా పడే గుంపు) చెదురుతుంది. కాగితానికి కొట్టేవాడికి హై వెలాసిటీతో పనే లేదని నా లెక్క. మైపాడు వైపు ఉక్కపోత ఎంతున్నా, తేమ వల్ల వచ్చే తేడా ఒక శాతానికి అటూ ఇటూ.

వేడికి గాలి పలచనై స్థిరత్వం కూడా పెరుగుతుంది. 20 నుంచి 40 డిగ్రీలకు సుమారు 7 శాతం. మే నెలలో అంచున నిలబడి గుండ్రటి చిల్లులు వేసిన తూటా సంక్రాంతి పొద్దుటి చల్లగాలిలో అడ్డం తిరిగితే ఆశ్చర్యపోవద్దు. పరీక్ష ఎప్పుడూ చల్లటి పూటే చేయాలి.

బ్యారెల్ మీద ట్విస్ట్ చెక్కి ఉండకపోతే మీరే కొలుచుకోండి. ముందు ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కళ్ళతో చూసి, బోల్ట్ తీసేయండి. బేరింగ్ పిడి (రాడ్‌ను తిరగనిచ్చే పిడి) ఉన్న క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి పంపండి. రాడ్ పైవైపు మార్కర్‌తో ఒక గీత పెట్టి, ఛాంబర్ మొదటికి ఎదురుగా రాడ్ మీద ఇంకో గుర్తు పెట్టండి. నెమ్మదిగా తోస్తే గీత తిరుగుతూ పోతుంది. అది మళ్ళీ పైకొచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు దిగిందో అదే ట్విస్ట్. బ్యారెల్ పొట్టిదైతే సగం చుట్టు కొలిచి రెట్టింపు చేయండి. గుడ్డ వదులైతే జారి, ఉన్నదానికంటే ఎక్కువ అంగుళాలు చూపిస్తుంది. మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ ఒకే అంకె వస్తేనే నమ్మండి.

కాగితం మీద చూడాల్సింది చిల్లు ఆకారం ఒక్కటే కాదు. నిలకడగా వెళ్ళిన సీసం బుల్లెట్ చిల్లు చుట్టూ సన్నటి బూడిదరంగు వలయం అన్ని వైపులా సమానంగా ఉంటుంది. ఊగుతున్నదైతే ఆ మసి ఒక పక్కకు చిక్కగా పడుతుంది, చిల్లు ఇంకా కోలగా మారకముందే. 25లో, 50లో, 100 మీటర్లలో ఒకే రకం గట్టి అట్ట పెట్టండి. పలచటి కాగితం చిరిగి మోసం చేస్తుంది. 25లో గుండ్రంగా ఉండి 100లో కోలగా పడితే ట్విస్ట్ అంచున ఉన్నట్టు. ఏ డబ్బా వేసినా అలాగే పడుతుంటే ట్విస్ట్‌ను తిట్టొద్దు. బ్యారెల్ మూతి అంచు దెబ్బతిన్నదా, లోపల సీసం పేరుకుందా చూడండి.

ఇంట్లో తూటా నింపుకోవడం మన దగ్గర కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీకి వేరే లైసెన్సు కావాలి, కాబట్టి మనకు మిగిలింది సరైన డబ్బా ఎంచుకోవడమే. టెక్సాస్‌లో స్థిరపడి చట్టబద్ధంగా నింపుకునే మన పిల్లలకు పాయింట్ 308 లెక్క పనికొస్తుంది. 220 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ సుమారు 1.49 అంగుళాలు. సెకనుకు 1050 అడుగుల దగ్గర మిల్లర్ అంకె 1:8లో 2.05, 1:10లో 1.3, 1:12లో 0.9. అంటే 1:12 రైఫిల్‌లో అది దొర్లడం ఖాయం. 168 గ్రెయిన్లది అదే బ్యారెల్‌లో 1.25 తెచ్చుకుంటుంది, చల్లటి రోజున దానికీ గట్టి హామీ లేదు. అదే పాయింట్ 308 బుల్లెట్‌ను పొట్టి కేసులో పెట్టే 300 బ్లాకౌట్ తూటా బ్యారెళ్ళు 1:7, 1:8లో వచ్చేది ఈ పొడుగు బుల్లెట్ల కోసమే.

ఎయిర్ రైఫిల్ వాళ్ళు మామూలు పెల్లెట్‌కు ఈ లెక్కలేవీ వేయనక్కర్లేదు, నడుము సన్నగా వెనక గుల్లగా ఉండే ఆ ఆకారమే దాన్ని బాణంలా నిలబెడుతుంది. స్లగ్ (బుల్లెట్ ఆకారపు పెల్లెట్) కొన్నారంటే మాత్రం దానికి ఆ నడుము లేదు, ట్విస్ట్ మీదే నిలబడాలి. మొదటి డబ్బా కొనేముందు ట్విస్ట్ కొలుచుకోండి.