ఎరుపు మసకబారే చోటు

మంగళవారం

లేజర్ వేశాక అరగంట దాకా కొలతలేవీ తీసుకోలేదు. 532 నానోమీటర్ల పచ్చ కాంతి కుదురుకోకముందే స్కాన్ మొదలుపెడితే గ్రాఫులో దాని ఊగిసలాటే కనిపిస్తుంది. మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీని మారుస్తూ పోతే వజ్రం ఇచ్చే ఎరుపు వెలుగు ఎక్కడ తగ్గుతుందో చూడటమే ఈ స్కాన్. అసలు మనం వెతికే మార్పే చిన్నది. లెక్కలేనన్ని ఎన్‌వీ కేంద్రాలున్న వజ్రపు ముక్కలో ఎరుపు వెలుగు తగ్గేది ఒకటి రెండు శాతం.

వజ్రంలో ఒక నైట్రోజన్ పరమాణువు, దాని పక్కనే కార్బన్ లేని ఖాళీ: అదే ఎన్‌వీ కేంద్రం. గోల్కొండ వజ్రాలకు అంత పేరు తెచ్చిన స్వచ్ఛత నైట్రోజన్ దాదాపు లేకపోవడం వల్ల వచ్చింది. ఈ పనికి మాత్రం ఆ మలినమే ప్రాణం. పచ్చ కాంతి పడితే అందులోని ఎలక్ట్రాన్ల స్పిన్ (చిన్న అయస్కాంతంలాంటి గుణం) సున్నా స్థితికి చేరి ఎర్రగా బాగా వెలుగుతుంది. 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలితే ప్లస్ లేదా మైనస్ ఒకటికి మారుతుంది. అక్కణ్ణుంచి ఎలక్ట్రాన్లలో చాలా భాగం, దాదాపు సగం దాకా, ఎరుపు ఇవ్వని పక్కదారిలో దిగుతాయి.

వజ్రం మీదుగా సన్నటి రాగి తీగ, దాని చివర మిగిలిన మైక్రోవేవ్‌ను మింగేసే 50 ఓమ్‌ల టర్మినేటర్. డిటెక్టర్ ముందు 650 నానోమీటర్ల లాంగ్‌పాస్ ఫిల్టర్ (అంతకంటే పొడవైన తరంగాల కాంతినే వదిలేది). మైక్రోవేవ్‌ను సెకనుకు వెయ్యిసార్లు ఆన్-ఆఫ్ చేస్తూ లాక్-ఇన్‌తో (అదే లయలో మారే సిగ్నల్‌ను మాత్రమే ఏరే పరికరంతో) చదవగానే చక్కటి సిగ్నల్ వచ్చింది. అందుకే అనుమానించాలి. లేజర్‌కు అట్ట అడ్డం పెట్టినా అది పోలేదు! మైక్రోవేవ్ నేరుగా డిటెక్టర్ కేబుల్లోకి దూరుతోంది. ఫోటోడయోడ్‌ను లోహపు డబ్బాలో పెట్టి, ఆన్-ఆఫ్ మానేసి ఫ్రీక్వెన్సీనే అటూ ఇటూ ఊపితే ఆ దొంగ సిగ్నల్ అణిగింది. ఇప్పుడు గీత (ఎరుపు తగ్గే గుంత) నడిమి బిందువు సిగ్నల్ సున్నాను దాటే చోట దొరుకుతుంది.

ఎక్కువ సమయం తినేది అయస్కాంతం అమరికే. అయస్కాంత క్షేత్రంలో ఒక్కో దిశకు గీత రెండుగా చీలుతుంది. స్ఫటికంలో ఎన్‌వీలకు నాలుగు దిశలున్నాయి కాబట్టి ఎలా పెట్టినా ఎనిమిది గీతల దాకా వస్తాయి. క్షేత్రం ఒక దిశతో కచ్చితంగా కలిస్తే మిగతా మూడూ ఒకటైపోయి నాలుగే మిగులుతాయి. 10 గాస్ (క్షేత్రబలం కొలమానం) దగ్గర బయటి జంట 2.842, 2.898 గిగాహెర్ట్జ్‌ల వద్ద, లోపలి జంట దాదాపు 19 మెగాహెర్ట్జ్‌ల ఎడంతో. కొంచెం వంకరగా ఉన్నా లోపలి జంట చీలి పట్టిచ్చేస్తుంది.

మధ్యాహ్నానికి బయటి గీతలు రెండూ 220 కిలోహెర్ట్జ్‌లు కిందికి జారాయి. రెండూ ఒకే వైపు కదిలితే అది వేడి: డిగ్రీకి 74 కిలోహెర్ట్జ్‌లు, అంటే లేజర్ వజ్రాన్ని మూడు డిగ్రీలు వేడెక్కించింది. రెండూ ఒకదానికొకటి దగ్గరికి జరిగి ఉంటే క్షేత్రం తగ్గినట్టు. నియోడిమియం అయస్కాంతం వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.1 శాతం బలం కోల్పోతుంది. ఈ తేడా చూడకుండా ఒకే గీతను వెంబడిస్తే ఉష్ణోగ్రతను గాస్‌లలో రాసుకున్నట్టే.

సాయంత్రం గీతలు సన్నబడేలా మైక్రోవేవ్ శక్తిని 20 డెసిబెల్స్, లేజర్‌ను సగానికి తగ్గించి, అడుగుకు 100 కిలోహెర్ట్జ్‌ల చొప్పున మళ్లీ స్కాన్. సిగ్నల్ బాగా చిక్కిపోయింది, సగటు తీయడానికి గంట పట్టింది. కానీ పొద్దున ఒకే గుంతలా ఉన్న గీత మూడుగా విడిపోయింది, 2.16 మెగాహెర్ట్జ్‌ల ఎడంతో. అది నైట్రోజన్-14 కేంద్రకపు స్పిన్ చేసిన చీలిక.