మూడు గులాబీలు, ఒక ట్రే గోధుమలు: బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా

ఫిబ్రవరి 18, 2026. ఈరోజు బూడిద బుధవారం, ఈస్టర్‌కి ముందు వచ్చే 40 రోజుల ఉపవాస కాలం మొదలయ్యే రోజు. ప్రార్థన, ఉపవాసం ఎలాగూ ఉంటాయి, వాటితో పాటు ఈసారి రోజూ పది నిమిషాలు కుండీల దగ్గర కూర్చుని కళ్లకి కనిపించింది రాసుకుందామని మొదలుపెట్టాను. గులాబీ కొమ్మలు కత్తిరించాక మళ్లీ పూయడానికి దాదాపు 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఈరోజు నుంచి ఈస్టర్‌కి 46 రోజులు, ఉపవాస లెక్కలోకి రాని 6 ఆదివారాలు తీసేస్తే సరిగ్గా 40. అంటే ఇవాళ కత్తెర పెడితే పండుగ దగ్గరికి పూలు రావాలి, ఎండా రకమూ బట్టి నాలుగు రోజులు అటూ ఇటూ.

కత్తెరని స్పిరిట్‌తో తుడిచి మొదలుపెట్టాను. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు మొత్తం తీసేసి, మిగతావి మూడో వంతు తగ్గించాను. కోత ఎప్పుడూ బయటి వైపు తిరిగిన కన్నుకి, అంటే చిగురు పుట్టే బుడిపెకి, పావు అంగుళం పైన, ఏటవాలుగా ఉండాలి, నీళ్లు కన్ను మీదకి కాకుండా అవతలి వైపు జారిపోయేలా. రెండు మొక్కలు బాగానే ఉన్నాయి. మూడోది మాత్రం పూర్తిగా ఎండినట్టుంది. గోరుతో బెరడు గీకి చూస్తే పైన గోధుమరంగు, మధ్యలోనూ అదే, మొదలు దగ్గర మాత్రం ఉందా లేదా అన్నంత పచ్చదనం. పీకేద్దామనే అనుకున్నాను. బైబిల్లో యోబు గ్రంథం 14వ అధ్యాయంలో నరికిన చెట్టు గురించి ఉంది కదా, మొద్దు మట్టిలో చచ్చినట్టున్నా నీటి వాసన తగిలితే చిగురిస్తుందని. అది గుర్తొచ్చి, మూడు అంగుళాల మోడుగా కోసి వదిలేశాను.

మార్చి 1. రెండు మొక్కలకీ ఎర్రటి చిగుళ్లు. కుండీకి రెండు గుప్పెళ్ల కంపోస్ట్ వేశాను, కోసిన రోజే వేయకుండా కళ్లు ఉబ్బేదాకా ఆగాను. మోడులో ఏమీ లేదు.

మార్చి 8. లేత చిగుళ్లకి పేనుబంక పట్టింది. ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడిగి, సాయంత్రం లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి ఆకుల అడుగున పడేలా చల్లాను. ఎండలో మాత్రం చల్లకండి, ఆకులు మాడతాయి.

మార్చి 18న గోధుమలు కూడా వేశాను, యోహాను 12:24 కోసం, గోధుమగింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉండిపోతుందని యేసు చెప్పిన మాట కోసం. నాలుగు రోజులకే ట్రే అంతా బూజు. గింజలు ఒకదాని మీద ఒకటి పడేలా చల్లేశాను, పైగా ట్రేకి అడుగున రంధ్రాలు లేవు. బాధేసింది, మొత్తం పారేసి ట్రే కడిగి ఎండబెట్టాను.

మార్చి 24న మళ్లీ. ఈసారి గింజలు 8 గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, ఒక రోజు తడిబట్టలో కట్టి ఉంచి, మొన తెల్లగా కనిపించాకే రంధ్రాలున్న ట్రేలో రెండు వేళ్ల మందం మట్టి మీద ఒకే వరసగా పరిచాను. పైన పలచగా మట్టి, పొద్దునా సాయంత్రం స్ప్రే, అంతే.

మార్చి 29, ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం. గులాబీకి బఠాణీ గింజంత మొగ్గలు నాలుగు. ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుందని చాలామంది అడుగుతారు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం అది, ఈసారి ఏప్రిల్ 2 పౌర్ణమి కాబట్టి 5న పండుగ. దాని వెనక పస్కా ఉంది, ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలని గుర్తుచేసుకునే యూదుల పండుగ, పస్కా వచ్చే నెలని నిర్గమకాండం ఆబీబు అంటుంది, ఆ మాటకి అర్థం ఇంకా పచ్చిగా ఉన్న బార్లీ వెన్ను. మన విమోచన కథ మొదటినుంచీ పచ్చటి పైరు పక్కనే నడిచిందని తెలిసినప్పటి నుంచి ఈ ట్రే నాకు మరీ దగ్గరైపోయింది.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే. ఆరాధన నుంచి వచ్చాక ఒక గోధుమ మొలకని వేళ్లతో సహా మెల్లగా లాగి చూశాను. ఆకు నాలుగు అంగుళాలుంది. కింద గింజ మెత్తబడి, నొక్కితే పాలలాంటి నీళ్లు కొంచెం వచ్చి ఖాళీ పొట్టు మిగిలింది. తనలో దాచుకున్న పిండి అంతా మొలకకి ఇచ్చేసింది. ఇన్నేళ్లుగా ఆ వచనం వింటున్నాను గానీ, చావడం అంటే కుళ్లిపోవడం అనుకున్నాను. కుళ్లిన గింజలు మొదటి ట్రేలో చూశాను, వాటి నుంచి ఏదీ రాలేదు. ఇది వేరు, ఇది పూర్తిగా ఇచ్చేసుకోవడం. ఆ పొట్టు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, ఆ రోజు వేరే ప్రార్థన ఏదీ నోట రాలేదు.

ఏప్రిల్ 5. తెల్లవారకముందే లేచి చూస్తే నాలుగింటిలో ఒక్క మొగ్గే, అదీ సగం విచ్చుకుంది. చాలు నాకు. సిలువ వేసిన చోట తోట ఉందని, సమాధి ఆ తోటలోనే ఉందని యోహాను రాశాడు (19:41). మగ్దలేనే మరియ, సమాధి నుంచి లేచిన ప్రభువుని చూసి తోటమాలి అనుకుంది. కుండీల మధ్య నిలబడి ఆ భాగం చదువుతుంటే గొంతు పట్టేసింది. పువ్వు కోయలేదు, మొక్కకే ఉంచాను.

ఏప్రిల్ 9. మోడు! మొదలు దగ్గర బియ్యపు గింజంత ఎర్రటి మొన. అయితే ఒక్క విషయం చూడాలి, అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చే కొమ్మ మన గులాబీది కాదు, అడుగు మొక్కది, దాన్ని తీసేయాల్సి వస్తుంది. మట్టి కొంచెం పక్కకి తోసి చూశాను, అంటుకి వేలెడు పైనే ఉంది. నీళ్లు పైపైన మాత్రమే చల్లి, మధ్యాహ్నం ఎండ తగలని మూలకి కుండీని జరిపాను. ఎరువు ఇప్పుడే వద్దు, ఆకులు విప్పుకున్నాక చూస్తాను.