పాట సంగతి తర్వాత, మొదట సీటు సరిచేయండి

నిన్న సాయంత్రం 45 నిమిషాల ఇండోర్ సైక్లింగ్ క్లాసు (గదిలో, ఉన్నచోటే ఉండే సైకిళ్ల మీద పాటలకు తగ్గట్టు అందరూ కలిసి తొక్కేది) మొదటిసారి చివరిదాకా తొక్కాను. మూడు వారాలు పట్టింది. ఆ సంతోషం, దానికి ముందు పడ్డ బాధ రెండూ పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

నాకు 47 ఏళ్లు. మోకాళ్ల మీద బరువు పడని వ్యాయామం చేయమన్నారు డాక్టరుగారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కానీ, మియాపూర్ నుంచి రోజూ ఆ ట్రాఫిక్‌లో వెళ్లి రావడం నా వల్ల కాదు. ఇంటి దగ్గరి జిమ్‌లో చేరాను. ఫారం నింపడం, డబ్బు కట్టడం పది నిమిషాల్లో అయిపోయాయి.

మొదటి క్లాసు మాత్రం చచ్చేదాకా మర్చిపోను.

గదంతా చీకటి, నీలం లైట్లు, చెవులు చిల్లులు పడే పాటలు. ట్రైనర్ అప్పటికే తన సైకిలెక్కి మైకు పెట్టుకుని ఉన్నాడు. "ఏదో ఒకటి ఎక్కేయండి మేడమ్" అన్నాడు, అంతే. సీటు ఎంత కిందికి ఉందంటే తొక్కుతుంటే మోకాళ్లు పొట్టకి తగులుతున్నాయి. పైగా ఇది మన వీధి సైకిల్ లాంటిది కాదు. ముందున్న బరువైన ఇనుప చక్రానికీ పెడల్స్‌కీ నేరుగా లంకె. మనం కాళ్లు ఆపినా చక్రం ఆగదు, పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

"అందరూ లేచి తొక్కండి" అన్నాడు. లేచాను. రెండు నిమిషాలకే ఊపిరాడక కాళ్లు ఆపేశాను. పెడల్ కాలిని విసిరికొట్టింది. బెల్టులోంచి పాదం జారిపోయి, తిరిగొచ్చిన పెడల్ పిక్క మీద ఫట్‌మని తగిలింది. హ్యాండిల్ మీద బోర్లా పడ్డాను. అప్పుడు మైకులో వినిపించింది: "వెనక లైన్‌లో ఆంటీ, ఆపొద్దు! ఇంట్లో అంకుల్ మీద చూపించే పవర్ ఇక్కడ చూపించండి!" గదంతా తిరిగి చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. దిగి బాత్‌రూమ్‌లోకి వెళ్లి, కమిలిన చోట చన్నీళ్లు పోసుకుంటూ ఏడ్చాను. 22 ఏళ్లుగా ఉద్యోగం చేస్తూ ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. నన్ను ఆ మాట అనే హక్కు అతనికి ఎవరిచ్చారు? పైగా సీటైనా సరిచేయకుండానే తొక్కమన్నాడు. సంగీతం మాస్టారు కూడా ముందు శ్రుతి సరిచేసి, ఆ తర్వాతే పాడమంటారు.

ఈ క్లాసులకు ఆద్యుడు జానీ గోల్డ్‌బర్గ్ పోటీల్లో తొక్కే సైక్లిస్ట్. అలాంటివాళ్ల సాధన కోసం పుట్టిన సైకిల్‌ని మామూలు మనిషి చేతికిచ్చేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలి!

రిసెప్షన్‌లో డబ్బు వాపసు అడిగితే "పాలసీ లేదు మేడమ్" అన్నారు. ట్రయల్ క్లాసు చూడకుండా ఏడాది ప్యాకేజీ కట్టకండి. "ఈరోజే లాస్ట్ ఆఫర్" అన్నారంటే లేచి వచ్చేయండి.

తర్వాత మా ఆఫీసు అమ్మాయి ఒక చిన్న స్టూడియోకి తీసుకెళ్లింది. అక్కడి ట్రైనర్‌ది ఇంచుమించు నా వయసే. తలుపు దగ్గరే అడిగింది: "కొత్తగా వచ్చారా అమ్మా? మోకాళ్లు, నడుము, బీపీ ఎలా ఉన్నాయి?" నన్ను సైకిల్ పక్కన నిలబెట్టి సీటు తుంటి ఎముక ఎత్తుకి లేపింది. పెడల్ అడుగుకి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలంది. పెడల్స్ అడ్డంగా ఉన్నప్పుడు ముందు మోకాలు సరిగ్గా పెడల్ ఇరుసు మీదికి వచ్చేదాకా సీటు జరిపింది. తర్వాత ఎర్ర నాబ్ మీద నా చెయ్యి పెట్టి, "కుడికి తిప్పితే తొక్కడం బరువవుతుంది, గట్టిగా నొక్కితే చక్రం ఆగుతుంది. నొక్కండి" అంది. నొక్కాను. ఠక్కున ఆగింది. మూడుసార్లు నొక్కించింది. సగం భయం అక్కడే పోయింది.

మొదటి రోజు 20 నిమిషాలే, అదీ కూర్చునే. శక్తికి మించి తొక్కితే కండరాలు దెబ్బతిని మూత్రం కోలా రంగులోకి మారొచ్చనీ, అలా అయితే కిడ్నీలకు ప్రమాదం కాబట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలనీ చెప్పింది. మొదటి జిమ్‌లో ఈ మాట ఒక్కరైనా అన్నారా? ఆవిడ క్లాసులో చదును రోడ్డు మీద వెళ్తున్నట్టు తొక్కేటప్పుడు పెడల్ నిమిషానికి 80 నుంచి 110 తిప్పులు, నాబ్ బిగించి ఎత్తు ఎక్కుతున్నట్టు తొక్కేటప్పుడు 60 నుంచి 80. పాట కూడా ఆ వేగానికే ఎంచుతుంది. మధ్యలో సైకిల్ దిగి మనుషుల మధ్య తిరుగుతుంది. నా భుజాలు బిగుసుకుంటే మైకు పక్కకి జరిపి చెవి దగ్గర, "భుజాలు వదిలేయండి" అంటుంది. ట్రైనర్ దిగి తిరగని క్లాసుకి నేనింక ఫ్రీగా పిలిచినా వెళ్లను.

నిన్న చివరి ఎత్తులో పక్కనున్న పాతికేళ్ల కుర్రాడు ఆగిపోయాడు, నేను ఆగలేదు. సీటు 6, ముందుకు 3, హ్యాండిల్ 8 అని నా కొలతలు ఫోన్‌లో రాసుకున్నాను. రేపు ఆరున్నరకి క్లాసు. ఆరుంబావుకే వెళ్లి నా సీటు నేనే సరిచేసుకుంటాను.