ఫోన్‌లో అవ్వని డాక్టర్‌కి చూపించినాం: నా అనుభవం

2021 మే నెల, మధ్యాహ్నం 12 కొట్టిందంటే కర్ఫ్యూ. మేము తిరుపతిలో, అవ్వ పాకాల దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. బీపీ, షుగర్ మాత్రలు ఇంకో నాలుగు రోజులకే ఉన్నాయి, ఎప్పుడూ చూపించే క్లినిక్‌లో ఓపీ ఆపేసినారు, ఆస్పత్రికి తీసకపోదామంటే యాడ కరోనా అంటుకుంటుందో అని భయం.

మొదట 14410కి (అప్పట్లో ఫోన్‌లోనే డాక్టర్ సలహా ఇచ్చే మన రాష్ట్ర ప్రభుత్వ నంబర్) అవ్వ ఫోన్‌ నుంచే మిస్డ్ కాల్ ఇప్పించినా. వాళ్ళు తిరిగి చేసినారు కానీ అవ్వకి చెవులు సరిగా వినపడవు, ఎవరో ఏమో అని పెట్టేసింది. ఇంక లాభం లేదని పొద్దున్నే బండేసుకోని ఊరికి పోయినా.

అక్కడ నా ఫోన్‌లో ఈ-సంజీవని తెరిచినా, అంటే వీడియో కాల్‌లో డాక్టర్‌కి చూపించే ప్రభుత్వ సేవ, పైసా ఖర్చు లేదు. నంబర్ కొడితే ఓటీపీ వచ్చింది, వివరాలు నింపి పాత చీటీ ఫొటో పెడితే టోకెన్ ఇచ్చినారు. మాకేమో సిగ్నల్ మిద్దె మీద తప్ప రాదు, ఆ ఎండలో అవ్వని మెట్లెక్కించి కొంగు నెత్తిన కప్పి కూర్చోబెట్టినా, రెండుసార్లు కట్టయి మూడోసారి కలిసింది. అవ్వ ఫోన్ తీసుకోని చెవికి పెట్టుకునింది, పాపం డాక్టరమ్మకి చెవే కనపడింటుంది. ఆమె ఓపిగ్గా "కాళ్ళు చూపించమ్మా" అనింది. చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టుకోమని నాకు చెప్పింది, తీస్తే గుంట అట్నే ఉండిపోయింది. అవ్వ వేసుకునే బీపీ మాత్ర అమ్లోడిపిన్ వల్ల కూడా వాపు రావచ్చు, అయినా కిడ్నీలు ఎట్లున్నాయో చూసే క్రియాటినిన్, యూరిన్ టెస్టులు చేయించకుండా ఫోన్‌లో తేల్చలేను అనింది. ఆ మాట నాకు శానా నచ్చింది.

చీటీ ఫోన్‌కే వచ్చింది. ఒక మెడికల్ షాపాయన సంతకం, స్టాంపు ఉంటేనే ఇస్తానన్నాడు. ఇంకో షాపులో డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ చూపిస్తే మాట్లాడకుండా ఇచ్చేసినారు, కాబట్టి ఆ నంబర్ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఆ పొద్దు నా ఫోన్‌ నుంచే పక్కింటి అత్త, ఇంకో ఇద్దరు చూపించుకున్నారు, ముగ్గురి దగ్గరా ఉండేది బటన్ ఫోన్లే. నేను రాకపోయుంటే వీళ్ళ గతేంది అని రాత్రంతా నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసింది, ఏఎన్ఎం (ఊర్లో ఆరోగ్యం చూసే నర్సమ్మ) ఉండే హెల్త్ సెంటర్ నుంచి కూడా ఇదే ఈ-సంజీవనిలో డాక్టర్‌కి కలుపుతారంట, మన రాష్ట్రంలో 2019 నవంబర్‌లోనే మొదలయిందంట, మా ఊర్లో ఒక్కరికీ తెలీదు.

టెస్టుల్లో కిడ్నీలు బాగానే ఉన్నాయి, మాత్ర మార్చినారు. మరుసటి నెల అవ్వ, అత్త కలిసి నడుచుకుంటా సెంటర్‌కి పోయినారు, డాక్టర్ చెప్పేది ఏఎన్ఎం అవ్వ చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పిందంట.