జెమ్5లో డిస్క్ ఇమేజ్ బూట్ కాకపోతే: ముందు టెర్మినల్ ఆఖరి లైను

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఎంటెక్ పిల్లలు జెమ్5 (కంప్యూటర్ హార్డ్‌వేర్‌ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే సిమ్యులేటర్) ఫుల్ సిస్టమ్ మోడ్, అంటే లోపల పూర్తి లైనక్స్‌ని బూట్ చేసే పద్ధతి, మొదలుపెట్టగానే తగిలే మొదటి గోడ డిస్క్ ఇమేజ్, అంటే డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైలుగా చేసింది. బూట్ ఆగిపోగానే ఉన్న ఇమేజ్ తీసేసి కొత్తది డౌన్‌లోడ్‌కి పెడతారు. విప్పాక జీబీలకి జీబీలు తూగే ఫైలు అది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒక రాత్రి, ఒక డేటా ప్యాక్ దానికే పోతాయి. తీరా చూస్తే ఇమేజ్‌లో దోషమే ఉండదు. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ), రూట్ డివైస్ పేరు (లైనక్స్ ఫైళ్లు ఏ డిస్క్‌లో ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే పేరు), ఇమేజ్ లోపలి పార్టిషన్లు, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోవడమే ఎక్కువసార్లు అసలు జబ్బు. అది ఎక్కడుందో టెర్మినల్ ఫైలే (సిమ్యులేషన్ లోపలి మెషిన్ తెరమీద వేసే మాటలు నమోదయ్యే ఫైలు) చెబుతుంది.

ఆ ఫైలు జెమ్5 ఫలితాలు పెట్టే ఎం5అవుట్ ఫోల్డర్‌లో ఉంటుంది. సిమ్యులేట్ చేసే ప్రాసెసర్ ఎక్స్86 అయితే కామ్_1.డివైస్ అని ముగిసే పేరు, ఆర్మ్ అయితే .టెర్మినల్ అని ముగిసేది. అది పూర్తిగా ఖాళీగా ఉంటే డిస్క్ జోలికి పోవద్దు, వ్యవహారం ఇంకా డిస్క్ దాకా రాలేదు. కెర్నల్ కమాండ్ లైన్లో, అంటే బూట్ అప్పుడు కెర్నల్‌కి ఇచ్చే ఆప్షన్ల వరుసలో, కన్సోల్ పేరు తప్పయి ఉంటుంది (ఎక్స్86కి టీటీవైఎస్0, ఆర్మ్‌కి టీటీవైఏఎంఏ0), లేదా కెర్నలే తప్పయి ఉంటుంది. ఎక్స్86లో జెమ్5కి కావలసింది కుదించని కెర్నల్ ఫైలు వీఎంలైనక్స్. కుదించిన బీజెడ్‌ఇమేజ్ ఇస్తే పనికిరాదు.

అందరికీ ఎదురయ్యేది మాత్రం ఈ కెర్నల్ ప్యానిక్ (కెర్నల్ చేతులెత్తేసి ఆగిపోతూ ఇచ్చే సందేశం): "వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్". దీని చివర బ్రాకెట్లో రెండు అంకెలుంటాయి. చాలామంది వాటిని చూడరు, కానీ అసలు సంగతంతా అక్కడే ఉంది. (0,0) అంటే మీరు చెప్పిన పేరుతో కెర్నల్‌కి డిస్కే దొరకలేదు. (8,1) అంటే డిస్క్ దొరికింది, దాని మొదటి పార్టిషన్‌లో తనకి అర్థమయ్యే ఫైల్ సిస్టమ్ మాత్రం దొరకలేదు. 8 అనేది ఎస్‌డీ డిస్కుల మేజర్ నంబరు (ఏ రకం డిస్కో చెప్పే అంకె), పాత ఐడీఈ డ్రైవర్ హెచ్‌డీఏకి అది 3. రెండు ప్యానిక్‌లూ ఒకేలా కనిపిస్తాయి గానీ మందులు వేరు.

(0,0) వస్తే ముందు పేరు చూడండి. ఎక్స్86 బోర్డులో జెమ్5 ఇచ్చేది ఐడీఈ డిస్క్. కెర్నల్‌లో పాత ఐడీఈ డ్రైవర్ ఉంటే దాని పేరు హెచ్‌డీఏ, కొత్త డ్రైవర్ లిబ్‌ఏటీఏ ఉంటే ఎస్‌డీఏ. వర్చువల్ మెషిన్ల కోసం చేసిన వర్చుఐఓ డిస్క్ వాడే ఆర్మ్, రిస్క్-ఫైవ్ బోర్డుల్లో వీడీఏ. పాత ట్యుటోరియల్‌లోంచి హెచ్‌డీఏ1 తెచ్చి కొత్త కెర్నల్‌కి తగిలిస్తే (0,0) తప్పదు. పేరు సరిగానే ఉంటే డ్రైవర్ చూడండి. ఉబుంటు, ఫెడోరా కెర్నళ్లు కొన్ని డ్రైవర్లని మాడ్యూళ్లుగా (విడి ఫైళ్లుగా) ఉంచి ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) నుంచి ఎక్కించుకుంటాయి. జెమ్5 మామూలు సెటప్‌లో ఇనిట్‌ఆర్‌డీ ఉండదు. కాబట్టి డిస్క్ కంట్రోలర్ డ్రైవర్, ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్, సీరియల్ కన్సోల్, డెవ్‌టీఎంప్‌ఎఫ్ఎస్ (డివైస్ ఫైళ్ల ఫోల్డర్) ఆటో మౌంట్, ఇవన్నీ కెర్నల్ కాన్ఫిగ్‌లో "ఎం" (మాడ్యూల్) కాదు, "వై" (కెర్నల్ లోపలే) అయి ఉండాలి.

(8,1) వచ్చిందంటే పార్టిషన్ నంబరు మీద అనుమానపడండి. ఇమేజ్ మీద ఎఫ్‌డిస్క్ హైఫన్ ఎల్ కొట్టండి. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌తో బయోస్ పద్ధతిలో చేసిన ఇమేజ్‌లో మొదటి పార్టిషన్ బూట్‌లోడర్ గ్రబ్ కోసం ఉంచిన 1 ఎంబీ ముక్క, రూట్ ఉండేది రెండోదాంట్లో. కెర్నల్ కమాండ్ లైన్లో ఎస్‌డీఏ1ని ఎస్‌డీఏ2 చేస్తే సరిపోతుంది. ప్యానిక్‌కి కొంచెం పైన కెర్నల్ డిస్క్‌ని పలకరించిన లైను కూడా చూడండి. "ఎస్‌డీఏ: ఎస్‌డీఏ1 ఎస్‌డీఏ2" అని ఉంటే పార్టిషన్ టేబుల్ చదివినట్టే. అలా పార్టిషన్ల పేర్లు కనిపించకపోతే రెండు కారణాలు ముందు చూడాలి: ఇమేజ్ క్యూకౌ2 రూపంలో (క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ సొంత రూపం) ఉండటం, లేదా జీజిప్ ఫైలుని విప్పకుండానే ఇవ్వడం. జెమ్5 చదివేది ముడి ఇమేజ్‌నే. ఫైల్ అనే కమాండ్ రూపం చెప్పేస్తుంది. క్యూకౌ2 అయితే క్యూఈఎంయూ-ఇమేజ్ కన్వర్ట్‌తో రా చేసుకోవాలి. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయి ఉంటే హోమ్ లోపలి .క్యాష్ ఫోల్డర్‌లో జెమ్5 అనే డైరెక్టరీలో సగం ఫైలు మిగిలి ఉండొచ్చు. దాన్ని తీసేశాకే మళ్లీ దింపండి.

ఇమేజ్‌ని హోస్ట్ మీద మౌంట్ చేస్తే "బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని వస్తుందా? ఆఫ్‌సెట్ (ఇమేజ్‌లో పార్టిషన్ మొదలయ్యే చోటు) ఇచ్చి ఉండరు. పార్టిషన్ 2048వ సెక్టార్‌లో మొదలైతే 512తో గుణించి 1048576 బైట్లు, పాత ఇమేజ్‌ల్లో 63వ సెక్టార్ అయితే 32256. ఈ లెక్కలకన్నా లోసెటప్‌ని హైఫన్ పెద్ద పీ ఆప్షన్‌తో వాడటం నయం, పార్టిషన్లన్నీ విడివిడి లూప్ డివైస్‌లుగా (ఫైలుని డిస్క్‌లా చూపేవి) వచ్చేస్తాయి.

ఇక బూట్ అవుతూ అవుతూ "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" దగ్గర కూర్చుండిపోయే కేసు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అప్పుడు ఏమేం మౌంట్ చేయాలో చెప్పే జాబితా) ఇప్పుడు లేని పార్టిషన్ యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఉంటే, సర్వీసులు మొదలుపెట్టే సిస్టమ్‌డీ దానికోసం 90 సెకన్లు చూస్తుంది. నెట్‌వర్క్ కార్డు లేని సిమ్యులేషన్‌లో నెట్‌వర్క్‌డీ-వెయిట్-ఆన్‌లైన్ సర్వీసు 120 సెకన్లు ఎదురుచూస్తుంది. ఇవి అతిథి (జెమ్5 లోపల నడిచే సిస్టమ్) గడియారంలో సెకన్లు. బయట మీ గడియారంలో అది ఎంతసేపో వాడే సీపీయూ మోడల్‌ని బట్టి ఉంటుంది, చాలా వివరంగా, నిదానంగా నడిచే ఓ3 మోడల్‌తో బూట్ చేయిస్తుంటే ఆశ వదులుకోవచ్చు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రూట్ లైను ఒక్కటి ఉంచి స్వాప్, ఈఎఫ్ఐ లైన్లు కొట్టేయండి. ఎదురుచూసే ఆ నెట్‌వర్క్ సర్వీసుని మాస్క్ చేయండి (అసలు మొదలవకుండా ఆపేయండి). స్నాప్‌డీ, ఏపీటీ-డైలీ టైమర్లు కూడా ఆపేయండి, అవి మీ కొలతల్లో దూరి అంకెలు పాడుచేస్తాయి.

లాగిన్ ప్రాంప్ట్ దాకా వచ్చి కదలకపోతే అది హ్యాంగ్ కాదు. ఆటోలాగిన్ లేదు, హోస్ట్ నుంచి స్క్రిప్ట్ తెచ్చే ఎం5 రీడ్‌ఫైల్‌ని పిలిచేవాళ్లు లేరు, సిమ్యులేషన్ ముగించే ఎం5 ఎగ్జిట్ అసలు రాదు. లాగిన్ అడిగే సీరియల్ గెట్టీకి ఆటోలాగిన్ రూట్ పెట్టి, రూట్ ప్రొఫైల్‌లో రీడ్‌ఫైల్ స్క్రిప్ట్ రాయండి. ఎం5 నడవగానే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వస్తే దాన్ని వేరే ఐఎస్ఏకి (ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ల రకానికి) కంపైల్ చేశారని అర్థం. కేవీఎం సీపీయూ మీద "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" వస్తే కారణం వేరు. అక్కడ కోడ్ నేరుగా అసలు ప్రాసెసర్ మీద నడుస్తుంది, ఎం5 ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ దానికి తెలియదు. అప్పుడు అడ్రస్ పద్ధతి (యాడర్ ఆప్షన్) వాడాలి, అదీ రూట్‌గా.

మీ బెంచ్‌మార్క్‌కీ ఇలాంటి చిక్కే వస్తుంది. ఉబుంటు 22.04 హోస్ట్ మీద కంపైల్ చేసి 20.04 ఇమేజ్‌లో పెడితే "జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అంటుంది, ఎందుకంటే 20.04లో ఉన్న సీ లైబ్రరీ (జీలిబ్‌సీ) 2.31. స్టాటిక్‌గా లింక్ చేయండి, లేదంటే ఇమేజ్‌లోకి సీహెచ్‌రూట్ అయి (దాన్నే రూట్‌గా చేసుకుని) అక్కడే కంపైల్ చేయండి. కంపైలర్‌కి ఇచ్చే మార్చ్ నేటివ్ ఫ్లాగ్ (ఈ మెషిన్‌కే తగ్గట్టు కంపైల్ చేయమనేది) తీసేయండి. హోస్ట్‌లో ఉన్న ఏవీఎక్స్ ఇన్‌స్ట్రక్షన్లు జెమ్5 ఎక్స్86లో నడుస్తాయని లెక్కపెట్టుకోకూడదు.

ఇమేజ్‌లో చోటు చాలకపోతే పెంచే వరుస ముఖ్యం: ట్రంకేట్‌తో ఫైలు పెంచాలి, పార్టెడ్‌తో పార్టిషన్ పెంచాలి, ఈ2ఎఫ్ఎస్‌సీకేతో ఫైల్ సిస్టమ్ సరిచూడాలి, చివర రీసైజ్2ఎఫ్ఎస్‌తో దాన్ని పెంచాలి. రూట్ పార్టిషన్ ఇమేజ్‌లో ఆఖరిదైతేనే ఇది నేరుగా కుదురుతుంది. అలా పెరిగిన భాగం స్పార్స్ (డిస్క్‌లో నిజంగా చోటు తీసుకోని ఖాళీ), అంటే ఎల్ఎస్ 12 జీబీ చూపించినా డీయూ 5 జీబీయే చూపించొచ్చు. పెన్‌డ్రైవ్‌లో స్నేహితుడికి ఇచ్చేటప్పుడు ఈ తేడా బయటపడుతుంది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లో పడుతుంది గానీ స్పార్స్ లేక మొత్తం 12 జీబీ తినేస్తుంది. జీజిప్ చేసి ఇవ్వడమే మేలు, సున్నాలన్నీ దాదాపు ఉచితంగా కుదించుకుపోతాయి.

2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలకి కరెంటు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇమేజ్ లూప్ మౌంట్‌లో ఉండగా మెషిన్ ఆగిపోతే, మళ్లీ వాడేముందు ఆ లూప్ పార్టిషన్ మీద ఈ2ఎఫ్ఎస్‌సీకేని హైఫన్ ఎఫ్‌తో నడపండి. మౌంట్‌లో ఉన్న ఇమేజ్‌ని క్యూఈఎంయూకి గానీ జెమ్5కి గానీ ఇవ్వనే ఇవ్వొద్దు.

చెక్‌పాయింట్‌ల (మధ్యలో దాచుకుని తర్వాత అక్కడినుంచే కొనసాగించే సిమ్యులేషన్ స్థితి) దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. జెమ్5 అతిథి రాతల్ని ఇమేజ్ ఫైలులో రాయదు, కాపీ-ఆన్-రైట్ పొరలో (మార్పుల్ని మాత్రం విడిగా పెట్టే పొర) ఉంచుకుంటుంది. అందుకే సిమ్యులేషన్‌లో చేసిన ఇన్‌స్టాల్ తర్వాతి రన్‌లో కనిపించదు. చెక్‌పాయింట్ తీసినప్పుడు ఆ పొర మాత్రమే .కౌ ఫైలుగా దిగుతుంది, కింది ఇమేజ్ దిగదు. చెక్‌పాయింట్ తీశాక కింది ఇమేజ్‌ని మౌంట్ చేసి ఒక్క ఫైలు మార్చినా, అతిథి మెమరీలో ఉన్న ఐనోడ్‌లకీ (ఫైళ్ల వివరాల పట్టీలు) డిస్క్‌కీ పొంతన ఉండదు. రీస్టోర్ అయిన కాసేపటికి ఎక్స్‌ట్4 ఎర్రర్లు మొదలవుతాయి, కారణం మాత్రం ఎక్కడా రాసి ఉండదు. చెక్‌పాయింట్ తీసిన ఇమేజ్‌కి సీహెచ్‌మాడ్ 444 (చదవడానికే అనుమతి) పెట్టి, దాని ఎండీ5 మొత్తాన్ని (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) చెక్‌పాయింట్ ఫోల్డర్‌లోనే రాసి ఉంచండి. మార్పు కావాలంటే కాపీ తీసి కాపీని మార్చండి, ఆ కాపీతో చెక్‌పాయింట్ మళ్లీ తీయండి.