నేను ‘మామూలు’ అనుకున్నదే జబ్బు

డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, బాగైపోయాను, మళ్ళీ మామూలుగా ఉన్నాను, ఇక ఆపేద్దామా అని అడిగాను. ఆవిడ వెంటనే సరే అనలేదు. ఈ పెద్ద డిప్రెషన్ రాకముందు, వరసగా రెండు నెలలు మనసు తేలిగ్గా ఉన్న కాలం ఎప్పుడైనా ఉందా అని అడిగారు. ఆలోచించాను. రెండు నెలలు కాదు కదా, రెండు వారాలు కూడా గుర్తుకు రాలేదు.

అలాగని అన్నేళ్ళూ ఏడుస్తూ కూర్చోలేదు. ఉద్యోగం చేశాను, బిల్లులు కట్టాను, పెళ్ళిళ్ళకు వెళ్ళి ఫోటోల్లో నవ్వాను. కాకపోతే ప్రతి పనీ తడిబట్టలతో నడుస్తున్నట్టు బరువుగా ఉండేది, అందరికీ ఇంతేనేమో అనుకునేవాణ్ణి.

దీన్ని డిస్థీమియా అంటారు. 1980లో ఆ పేరు, మానసిక జబ్బులను ఎలా గుర్తించాలో చెప్పే అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎమ్ పుస్తకంలో చేరింది, 2013లో దాన్నీ, ఏళ్ళ తరబడి తగ్గని పెద్ద డిప్రెషన్‌నీ కలిపి పర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అన్నారు. పెద్దవాళ్ళలో కనీసం రెండేళ్ళు, పిల్లల్లో ఏడాది, ఎక్కువ రోజులు దిగులే ఉండాలి (పిల్లల్లో అది చిరాకుగా కనిపించొచ్చు), రెండు నెలలకు మించి తెరిపి ఉండకూడదు, ఆకలి, నిద్ర, ఓపిక, ఏకాగ్రత, తన మీద తనకు గౌరవం, రేపటి మీద ఆశ, వీటిలో రెండైనా దెబ్బతినాలి. దాని మీద పెద్ద డిప్రెషన్ కూడా వచ్చిపడితే డబుల్ డిప్రెషన్ అంటారు. నాకు జరిగింది అదే. పైది తగ్గింది, కిందది అలాగే ఉంది, దాన్నే నేను ‘మామూలు’ అంటున్నాను.

చాలామందికి ఇది 21 ఏళ్ళలోపే మొదలవుతుంది. అందుకే పోల్చుకోవడానికి ‘అంతకుముందు నేను’ అంటూ ఎవరూ ఉండరు. మా అమ్మ ‘వాడి తీరే అంత’ అనేది, ప్రేమగానే అనేది, నేనూ నమ్మాను. జ్వరమొస్తే ఎవరో ఒకరు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు, దీనికి అలా పట్టి చూసే వేడి ఉండదు.

వైద్యం సంగతికొస్తే, ముందు థైరాయిడ్, రక్తహీనత, బి12 లాంటివి చూశారు, అవి కూడా ఇలాంటి నీరసం తెస్తాయి కాబట్టి. మందు పనిచేస్తోందని తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాకు మొదటి వారాల్లో వికారం తప్ప ఏమీ కనిపించలేదు, దాదాపు మానేశాను కూడా. కానీ ఈసారి డాక్టర్ మాత్ర ఒక్కటే చాలదని, మాటలతో చేసే థెరపీ కూడా చేర్చారు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏళ్ళ తరబడి డిప్రెషన్ ఉన్న 681 మందిని తీసుకుంటే, మందు మాత్రమే లేదా థెరపీ మాత్రమే అందిన వాళ్ళలో 48 శాతం చొప్పున మెరుగయ్యారు, రెండూ కలిపితే 73 శాతం. అందులో వాడిన మందును తర్వాత లివర్ దెబ్బతింటోందని చాలా దేశాల్లో ఆపేశారు, అయినా రెండూ కలిపితే మేలన్న మాట నాకు నా అనుభవంలోనూ నిజమనిపించింది.

థెరపీలో మేం చేసేది చాలా చిన్న పని. వారంలో జరిగిన ఒక్క సంఘటన తీసుకుని, అప్పుడు నేనేం అనుకున్నాను, ఏం చేశాను, ఏం జరగాలని కోరుకున్నాను, చివరికి ఏం జరిగింది అని విడదీసి చూడటం. ఒక ఫ్రెండ్ నా మెసేజ్‌కి జవాబివ్వలేదు, నేనంటే విసుగొచ్చిందని తేల్చేసుకుని నేనూ మాట్లాడటం మానేశాను. ‘ఒకసారి ఫోన్ చేసి అడిగారా?’ అంది థెరపిస్ట్. అడగలేదు. ఇరవయ్యేళ్ళుగా ఎవర్నీ ఏదీ అడగలేదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం ఫోన్ చేశాను, వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాగోలేదట, గంటసేపు మాట్లాడుకున్నాం.

మీరూ మందు వాడుతుంటే దయచేసి ఒక్కసారిగా ఆపకండి. అలవాటుపడి విడవలేకపోయే మందులు కావివి, కానీ ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఆందోళన రావచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఆసుపత్రికి వెళ్ళండి. నేను ఇంకా వాడుతున్నాను. ఆపడం గురించి ఈమధ్య అడగలేదు.