అంబాసిడర్‌లోకి జీపు ఇంజన్

2014లోనే తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ జీపు డీజిల్ ఇంజన్ అమర్చే పని అమలాపురంలోని షెడ్డులో ఈ వారమే పూర్తయింది. చూసినవాళ్లందరూ బలం ఎంత పెరిగిందని అడుగుతున్నారు. నాకు మాత్రం ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అదే ఆయిల్ సంపు గురించే చెప్పాలని ఉంది.

ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో ముందు ఇరుసుకూ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల డబ్బా) ఉంటుంది. సంపును దానికి చోటు వదిలి మలుస్తారు. వెనక చక్రాలతో నడిచే మా కారులో ఆ ఇరుసే లేదు, కానీ సంపు లోతు భాగం బండి అడుగున అడ్డంగా ఉండే క్రాస్ మెంబరుకు తగులుతోంది. మేస్త్రి గారు దాన్ని కోసి, లోతును జరిపి వెల్డింగ్ చేశారు. ఆయిల్ పీల్చే గొట్టాన్నీ అక్కడికే మార్చారు. అది ఎంత ముఖ్యమో! గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆయిల్ ముందుకు పోయి గొట్టం గాలి పీలిస్తే బేరింగులు దెబ్బతింటాయి. కోనసీమ ఉప్పుగాలికి అతుకులు త్వరగా తుప్పు పడతాయని పైన రెడాక్సైడ్ కూడా పూశారు.

ముందు చక్రాలకూ బలం పంపే ట్రాన్స్‌ఫర్ కేసు అవసరం లేదు కాబట్టి టూ వీల్ డ్రైవ్ జీపు గేర్‌బాక్సు పెట్టాం. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్టును కొత్త కొలతకు కోయించి బ్యాలెన్స్ చేయించాం.

ఇక ఆర్సీలో ఇంజన్ నంబరు మారాలి. రవాణా శాఖ అనుమతి వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది.